మూలింటి వంతు

ఆ వీధిలో ఆమెని అందరూ లాయరమ్మ అనేవాళ్లు. ఆమె లా చదివిందీ లేదు, కోర్టు గడప తొక్కిందీ లేదు. వీధి మలుపులో ఉన్న మూలింట్లో రొట్టెల దుకాణం నడిపేది. కానీ పాలలో నీళ్లెక్కువయ్యాయన్న అనుమానం దగ్గర్నుంచి బస్సు స్టాపు ఎక్కడుండాలన్న తగువు దాకా, వీధి తరఫున గట్టిగా వినపడే గొంతు ఆమెదే. భర్త నోట్లో నాలుక లేని మనిషి. తెల్లారకముందే లేచి పిండి కలిపి పొయ్యి ముందు నిలబడేవాడు. మాట్లాడితే పిండి పొంగదని ఆయన నమ్మకం కాబోలని సొంత చెల్లెలే వెక్కిరించేది. ఇల్లూ దుకాణమూ ఆ అన్నాచెల్లెళ్లకి ఉమ్మడి. వదినామరదళ్లు రోజుకి పదిసార్లు పోట్లాడుకునేవాళ్లు, పదకొండోసారి ఇద్దరూ ఒకటై ఇంకెవరి మీదకైనా వెళ్లేవాళ్లు.

వీధంతా తవ్వి కొత్తగా వేస్తామని నగరపాలక సంస్థ నుంచి కబురొచ్చినప్పుడు మొదట అందరూ సంతోషించారు. వీధి అంత అధ్వాన్నంగా ఉండేది మరి. పూడ్చిన గుంత పక్కనే కొత్త గుంత, అది పూడ్చేలోగా పాతది మళ్లీ నోరు తెరిచేది. సైకిలు మీద హోటళ్లకి రొట్టెలు చేరవేసే మరదలు, "ఇంట్లోంచి రొట్టెలతో బయల్దేరి వీధి చివరికి రొట్టె పొడితో చేరుతున్నా" అనేది.

ఆ సంతోషం కాగితం రెండో వైపు తిప్పేదాకే. ఖర్చులో కొంత నగరం భరిస్తుందట. మిగతాది ఆ వీధిలో ఇళ్లూ కొట్లూ ఉన్నవాళ్లు పంచుకోవాలట. ఎవరి స్థలం వీధి వెంట ఎంత పొడవుంటే వాళ్ల వంతు అంత. ఒకేసారి కట్టక్కర్లేదు, ఆస్తిపన్నుతో కలిపి కొన్నేళ్లపాటు వాయిదాల్లో కట్టుకోవచ్చు.

"వదినా, మనకి రెండు వైపులా కొలిచారు" అంది మరదలు కాగితం బల్ల మీద పడేస్తూ.

"రెండు వైపులా ఏంటి? మనదేమన్నా రెండిళ్లా?"

"ముందువైపు ఒకటి, పక్కవైపు ఒకటి. మూలిల్లు కదా, వీధి మన చుట్టూ తిరుగుతోందిగా."

"పక్కవైపు మనకి తలుపే లేదు! ఒట్టి గోడకి కూడా వంతేస్తారా? ఇవాళ గోడకేస్తారు, రేపు గోడ నీడకేస్తారు."

"నీడ కూడా మనదే పెద్దది" అన్నాడు భర్త పొయ్యి దగ్గర్నుంచి. ఆ వారమంతటికీ ఆయన మాట్లాడింది అదొక్కటే.

లాయరమ్మ కాగితం ఆసాంతం చదివింది. వీధి పొడవులో సగానికి మించి స్థలమున్న సొంతదారులు కాదంటే పని ఆగిపోతుందని అందులోనే ఉంది. అభ్యంతరాలు వినడానికి ఒక సభ కూడా పెట్టారు. అంతే, కొంగు బిగించి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది.

మొట్టమొదట తోడొచ్చినవాడు టైర్లాయన. నాలుగిళ్ల అవతల టైర్లకి గాలి కొట్టి పంక్చర్లు వేసే కొట్టు ఆయనది.

"గుంతలున్నాయనే కదమ్మా నా పొయ్యిలో పిల్లి లేస్తోంది" అన్నాడు దాపరికం లేకుండా. "వీధి నున్నగా అయిపోతే నేను గాలి ఎవరికి కొట్టుకోను? పైగా నా చేతే డబ్బు కట్టించి నా కొట్టు మూయిస్తారా?"

పక్కింటి రిటైరైన టీచరమ్మకి ఇల్లు పెద్దది, పింఛను చిన్నది. ఆవిడ మారు మాట్లాడకుండా సంతకం పెట్టింది. దర్జీ, అద్దాల కొట్టు అన్నదమ్ములు, పై అంతస్తు అద్దెలతో బతికే ముసలి దంపతులు, అందరూ పెట్టారు. "తిలాపాపం తలా పిడికెడని, ఇన్నేళ్లు వీధిని పట్టించుకోని పాపం నగరానిదీ, పిడికెళ్లు మనవీనా?" అని లాయరమ్మ అడుగుతుంటే కాదనగలిగినవాళ్లు లేకపోయారు. సగం ఎప్పుడో దాటిపోయింది.

సభ ఇంకా కొద్దిరోజులుందనగా రాత్రంతా వాన దంచికొట్టింది. పొద్దున్నే ఒక నీళ్ల లారీ టైర్లాయన కొట్టు ముందుకొచ్చేసరికి దాని వెనక చక్రం కింద రోడ్డు కుంగిపోయింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. లారీ వెనక్కి ఒరిగి, ముక్కు పైకెత్తి నిలబడిపోయింది. డ్రైవరు దూకేశాడు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. క్రేనుతో లారీని లాగాక జనం అంచుల దాకా వెళ్లి తొంగి చూసి ఒక్కసారిగా వెనక్కి జరిగారు. రోడ్డు మందం రొట్టె పైపొరంతే ఉంది. దాని కింద ఏమీ లేదు. చీకటి. ఆ చీకట్లో ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు.

రోజూ రొట్టెలు కోసే లాయరమ్మకి చప్పున తెలిసింది. పైకి నిండుగా కనపడే రొట్టె ఒక్కోసారి లోపల ఇలాగే డొల్లగా ఉంటుంది. ఈ పొర మీదే ఇన్నేళ్లూ నడిచాం, లారీలు నడిపాం, నిలబడి గంటలకొద్దీ పోట్లాడుకున్నాం అనుకునేసరికి ఆమె అరికాళ్లు జిల్లుమన్నాయి.

కానీ నోరు మాత్రం తగ్గలేదు. కంచెలు పెట్టించి, గుంత అంచులకి ఇనప దన్నులు బిగిస్తున్న నగరపాలక సంస్థ ఇంజినీరమ్మ దగ్గరికి వెళ్లి నిలదీసింది.

"సభకి ముందే కూలింది. భలే కలిసొచ్చిందే మీకు! మమ్మల్ని బెదరగొట్టడానికి మీరే ఏదో చేసుంటారు."

ఇంజినీరమ్మకి ముప్పై ఏళ్లుంటాయేమో. బూట్ల నిండా బురద, కళ్ల నిండా నిద్ర. కోపం తెచ్చుకోలేదు.

"మీరేనా లాయరమ్మ గారు? ఆఫీసులో మీ పేరు రోజూ వింటున్నాం" అంది. "నేను చెప్తే మీరు నమ్మరు. రేపు రండి. వాన తెరిపిచ్చి నీళ్లు తగ్గాక, లోపల గాలి పరీక్ష చేయించి దింపుతాను. కిందేముందో మీ కళ్లతోనే చూసుకోండి."

"దిగుతాను. నాకేం భయమా?" అంది లాయరమ్మ. భయంగానే ఉంది.

మర్నాడు బూట్లూ టోపీ తగిలించి, నడుముకి తాడు కట్టి, మూలింటి పక్కన ఏళ్లుగా ఎవరూ తెరవని ఇనప మూత తీసి ఆమెని దింపారు. ముందు ఇంజినీరమ్మ, వెనక ఆమె. నిచ్చెన మెట్లు తడిగా ఉన్నాయి. కాలు నేలకి ఆనేసరికి చీలమండల దాకా చల్లటి వాననీళ్లు. లాయరమ్మ తలెత్తి టోపీకున్న దీపం వెలుతుర్లో చూసింది.

ఆమె ఊహించుకున్నది ఏదో బొరియ, కంపు, ఎలకలు. ఎదురుగా ఉన్నది ఒక ఇటుకల దారి. రెండు వైపులా గోడలు లేచి, తల పైన మెల్లగా ఒంగి, ఒకదాన్నొకటి కలుసుకుని కమాను అయ్యాయి. మనిషి చేతులు చాపి నడవగలిగినంత వెడల్పు. వెలుతురు ఎంతదూరం పోతే అంతదూరం ఆ కమాను పోతూనే ఉంది. అక్కడక్కడ పైన జాలీల్లోంచి సన్నని పగటి వెలుగు నీళ్ల మీద పడి, పై ఇటుకల మీద వణుకుతోంది. ఎవరో తలుపు తెరిచినట్టు చిన్న గంట మోగింది. దర్జీ కొట్టు గంట అది! పైన వీధి ఎప్పట్లాగే నడుస్తోంది. దాని కింద ఇదొకటి ఉన్నట్టు అక్కడ ఒక్కరికీ తెలీదు.

"ఇదెవరు కట్టారు?" అని అడిగింది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. గుసగుసగా అడిగింది మరి.

"తెలీదండీ. మా పటాల్లో ఒక గీత ఉంది, పక్కన కాలువ అని రాసుంది. అంతే. అట్టడుగున ఒక గొట్టమేదో ఉంటుందనుకున్నాం." ఇంజినీరమ్మ దీపాన్ని గోడ మీదకి తిప్పింది. "ఇటు చూడండి. ఇటుక మారింది, గమనించారా?"

నిజమే. అప్పటిదాకా ఎర్రగా సన్నగా ఉన్న ఇటుక, ఒకచోట గీత గీసినట్టు ఆగిపోయి, లావుపాటి నల్లటి ఇటుక మొదలైంది. కొంత దూరం పోయాక అదీ ఆగి, పసుపుపచ్చగా కాలిన ఇటుక వచ్చింది. సున్నం పూత కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఒకచోట ఇటుకలు అడ్డంగా పేర్చారు, ఒకచోట ఏటవాలుగా అల్లారు.

"పొద్దున దిగినప్పుడు, ముక్కలు ముక్కలుగా ఎందుకు కట్టారో నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత టేపుతో కొలిపించి, పైన స్థలాల హద్దులతో పోల్చి చూశాం. ఇటుక మారిన ప్రతిచోటా సరిగ్గా పైన ఒక హద్దు ఉంది." ఇంజినీరమ్మ కూడా గొంతు తగ్గించే మాట్లాడుతోంది. "ఎవరింటి ముందు ముక్క వాళ్లు కట్టుకున్నారండీ. అయినా ఎక్కడా ఎత్తుపల్లాలు రాలేదు. నీళ్లు ఒక చివర్నుంచి ఇంకో చివరికి ఆగకుండా పోతున్నాయి. ఎవరు ఒప్పించారో, ఎలా ఒప్పించారో మరి."

లాయరమ్మ ఇటుక మారిన చోట్లు లెక్కపెట్టింది. ఇల్లిల్లూ తిరిగి ఆ వీధివాళ్ల చేత ఒక్క కాగితం మీద సంతకాలు పెట్టించడానికే తన తల ప్రాణం తోకకొచ్చింది. ఇదంతా కట్టించడానికి ఎన్ని గడపలెక్కి ఉంటారు? వాళ్లలో పిల్లికి బిచ్చం పెట్టనివాడూ, పక్కవాడంటే గిట్టనివాడూ ఉండే ఉంటారు కదా? పేరు లేదు, ఊసు లేదు. నీళ్లు మాత్రం పారుతున్నాయి.

"మరి మాదెక్కడ?"

"మనం దిగింది అక్కడే. వెనక్కి తిరిగి చూడండి."

లాయరమ్మ వెనక్కి తిరిగి నిచ్చెన దాకా నడిచింది. దిగాక ముందుకే చూసిందిగాని, దిగిన చోటు పైకప్పు చూడలేదు. అక్కడ వీధి మలుపు తిరుగుతుంది. కాబట్టి కింద రెండు కమానులు చెరో వైపు నుంచీ వచ్చి కలుసుకుంటున్నాయి. రెండు వంపులు ఒకదాన్లోకొకటి దూరి, నాలుగు అంచులై పైకి లేచి, నడిమధ్యన ఒక్క ఇటుక దగ్గర ముడిపడ్డాయి. ఆ అంచుల్లో ఏ రెండు ఇటుకలూ ఒకలా లేవు. ప్రతిదాన్నీ దాని చోటుకి తగ్గట్టు విడిగా చెక్కి కూర్చారు. ఇంట్లో రొట్టెల పొయ్యికి చిన్న గుమ్మటం కట్టించడానికే ముగ్గురు మేస్త్రీలని మార్చాల్సివచ్చింది వాళ్లకి. ఇక్కడ దాని మీద వీధంత బరువు, ఆ పైన లారీలు, పక్కన తమ ఇల్లు, ఇంట్లో తాము.

"ఇది కట్టడం అన్నిటికన్నా కష్టం. మిగతావాళ్లు తిన్నగా కట్టుకుపోయారు. మూలవాళ్లు రెండు వైపులవీ కలపాలి" అంది ఇంజినీరమ్మ.

ఒక ఇటుక మీద, పచ్చిగా ఉన్నప్పుడు పట్టుకున్నవాళ్ల బొటనవేలి గుంట ఉంది. లాయరమ్మ చేతి తొడుగు తీసి తన వేలు అందులో పెట్టి చూసింది. చల్లగా, సరిగ్గా పట్టింది. చాలాసేపు తియ్యలేదు.

ఆ తర్వాత కూలిన చోటు చూశారు. అక్కడ ఇటుక వేలితో గీరితే రాలిపోతోంది. సున్నంలో సగం మట్టే. అది టైర్లాయన కొట్టు ముందు ముక్క.

"మరి దీన్నేం చేస్తారు?"

ఇంజినీరమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. "ప్లాస్టిక్ గొట్టం వేసి, చుట్టూ కాంక్రీటుతో నింపేస్తాం. పాత గొట్టం మార్చడానికని వేసిన లెక్క మీకొచ్చింది, ఆ డబ్బు దీనికే సరిపోతుంది."

"నింపేస్తారా? దీన్నా?"

"బాగుచెయ్యొచ్చు. ఇంకో వందేళ్లు ఢోకా ఉండదు. కానీ ఖర్చెక్కువ. ఆ ఎక్కువంతా మళ్లీ మీ వంతుల్లోనే పడుతుంది. ఉన్న వంతులకే మీరు ఒప్పుకోవట్లేదాయె."

ఆ రోజు దుకాణంలో లాయరమ్మ ఒకరి రొట్టెలు ఇంకొకరికి కట్టింది. చిల్లర తీసుకోవడం మర్చిపోయింది. ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు.

"ఏమైంది వదినా? కింద గాలేమైనా సోకిందా?" అని మరదలు కంగారుపడింది.

"నేను చెప్పలేనే. నువ్వూ దిగు. మీ అన్నయ్యనీ దింపు."

మరదలు దిగి, పైకొచ్చి, మెట్టు మీద కూలబడింది. అన్నయ్య అందరికన్నా ఎక్కువసేపు కిందున్నాడు. పైకొచ్చినవాడు భోజనాల వేళ దాకా ఆగకుండా మాట్లాడాడు. బరువు ఎటునుంచి ఎటు దిగుతోందో, నడిమి ఇటుక లేకపోతే ఏమవుతుందో చేతులు తిప్పుతూ చెప్పాడు. "అన్నయ్యా, రేపు పిండి పొంగకపోతే నన్నడగొద్దు" అంది మరదలు కళ్లు తుడుచుకుంటూ.

సభ రోజున హాలు నిండిపోయింది. లాయరమ్మ లేవగానే వీధివాళ్లంతా ముందుకి జరిగి కూర్చున్నారు.

"మాకు అభ్యంతరం ఉంది" అంది. చప్పట్లు మోగాయి. "మీరా కాలువని పూడ్చేస్తామన్నందుకు అభ్యంతరం. పూడ్చొద్దు. బాగుచెయ్యండి."

చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి.

"ఏంటమ్మా నువ్వనేది!" టైర్లాయన ఒంటికాలి మీద లేచాడు. "దానికి ఇంకా ఎక్కువవుతుందిగా! వంతులు తీయించమని పంపితే పెంచమని అడుగుతావా? పెనం మీంచి తీసి పొయ్యిలో పడేశావు గదా!"

"మా ఇంటికి రెండు వైపులు. పొయ్యిలో పడేవాళ్లలో అందరికన్నా ముందున్నది నేను" అంది లాయరమ్మ. "ఇప్పుడే ఔననొద్దు, కాదనొద్దు. ముందు దిగి చూడండి. చూశాక కూడా వద్దంటే, మొదటి సంతకం నాదే."

సభ వాయిదా పడింది. ఆ ఆదివారం వీధివాళ్లు ఇద్దరిద్దరు చొప్పున దిగారు. దిగేటప్పుడు జోకులేసుకుంటూ, బూట్లు పెద్దవయ్యాయని నవ్వుకుంటూ దిగారు. పైకొచ్చేటప్పుడు మాత్రం మెల్లగా వచ్చారు. దర్జీ తన ముక్కలో ఇటుకల అల్లికని చేతి మీద గీసి చూపించాడు. అద్దాల కొట్టు అన్నదమ్ములు ఏళ్లుగా మాటల్లేని వాళ్లు, "చూశావా?" అంటే "చూశా" అనుకున్నారు. టీచరమ్మ నిచ్చెన దిగలేనంటే కుర్చీలో కూర్చోబెట్టి తాళ్లతో దింపారు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని అటూ ఇటూ చూసి, "నలభై ఏళ్లు పాఠాలు చెప్పాను. నా కాళ్ల కింద ఏముందో నాకే ఎవరూ చెప్పలేదు" అంది. పైకొచ్చాక ఇంకో మాట కూడా అంది. "చాలా బాగుందమ్మా. కానీ కట్టడానికి నా దగ్గర లేదు."

ఆ మాట పట్టుకుని లాయరమ్మ మళ్లీ బయల్దేరింది. నాలుగైదుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగింది, గొంతు పోయేదాకా వాదించింది. ఒంటరిగా ఉండి, పింఛను మీద బతికేవాళ్ల వంతు ఇల్లు చేతులు మారేదాకా అడగకూడదని చివరికి ఒప్పించింది. తమ పక్కగోడ సంగతి మాత్రం ఎత్తలేదు. అది మరదలు ఎత్తింది.

"మా వదిన మర్చిపోయింది, నేనడుగుతున్నా. తలుపు లేని వైపుకి సగమే వెయ్యాలి."

బయటికొచ్చాక లాయరమ్మ మొహం చిన్నబుచ్చుకుంటే, "అబ్బురం అబ్బురమే, లెక్క లెక్కే వదినా" అంది మరదలు. నగరం ఆ సగానికి ఒప్పుకుంది కూడా.

అందరికన్నా ఆఖర్న దిగినవాడు టైర్లాయన. రానని భీష్మించుకుని, వీధిలో అందరూ తనని చూసి నవ్వుతున్నారేమోనన్న అనుమానంతో దిగాడు. నిజంగానే నవ్వుతున్నారు.

"మీ వాడు మట్టి కలిపేశాడు, చూశారా?" అన్నాడు దర్జీ.

"మా వాడేంటండీ! నేను కొన్నది వాడి కొట్టుని, వాడి బుద్ధిని కాదు!"

కింద ఆయన ఒక పక్కన దర్జీ ముక్కనీ, ఇంకో పక్కన అద్దాలవాళ్ల ముక్కనీ చూశాడు. మధ్యలో రాలిపోతున్న తన ముక్కని చూశాడు. పైకొచ్చి నేరుగా కొట్టులోకి వెళ్లిపోయాడు. మళ్లీ సభ జరిగినప్పుడు వద్దని చెయ్యెత్తినవాళ్లు ఇంకా కొందరున్నారు. సగానికి చాలా తక్కువ. అందులో టైర్లాయన లేడు.

పని మొదలయ్యాక ఆయన చేసింది చూసి వీధంతా ముక్కున వేలేసుకుంది. కాంట్రాక్టరు తెచ్చిన ఇటుకల్ని ఒక్కొక్కటీ వేలితో కొట్టి, చప్పుడు విని, సగం వెనక్కి పంపించాడు. ఆ తర్వాత తనే కాంట్రాక్టరుతో కలిసి బట్టీకి వెళ్లి, బాగా కాలినవి ఏరించి తెచ్చాడు. టైర్లకి గాలి కొట్టడం మానేసి గుంత దగ్గరే తిరిగేవాడు. సున్నం కలిపేవాళ్లకి ఆయనంటే విసుగొచ్చింది.

కమాను కట్టే పని ఒక తాపీమేస్త్రి చూసింది. పొడుగ్గా, సన్నగా ఉండే ఆడమనిషి. ముందు చెక్కలతో వంపు దన్ను కట్టి, దాని మీద రెండు వైపుల నుంచీ ఇటుకలు పేర్చుకుంటూ వచ్చింది. నడిమి వరస వేశాక, సున్నం గట్టిపడేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. చెక్క దన్ను తీసేసే రోజున, సాయం చెయ్యడానికి కాదు, చూడ్డానికి పిలిచింది. గుంత అంచున వీధంతా చేరింది. కింద మేస్త్రి, ఇంజినీరమ్మ, లాయరమ్మ, టైర్లాయన.

"దన్ను తీస్తే మీద పడదు కదా?" అన్నాడు టైర్లాయన.

"పడితే ముందు నా మీదే పడుద్ది, బాబాయ్" అంది మేస్త్రి. సుత్తి తీసుకుని చెక్క దన్ను కింద బిగించిన ఏటవాలు చెక్కముక్కల్ని ఒక్కొక్కటీ మెల్లగా తట్టి వదులు చేసింది. అటొక దెబ్బ, ఇటొక దెబ్బ. దన్ను కొంచెం కిందకి దిగింది. చెక్కకీ ఇటుకకీ మధ్య వెంట్రుక మందాన వెలుతురు కనిపించింది. ఇటుకల్లోంచి చిన్నగా ఒక మూలుగు వినపడింది. బరువుని మొదటిసారి భుజానికెత్తుకున్న మనిషి సర్దుకున్నట్టు కమాను ఒక్క పిసరు కుదురుకుంది. చెక్క దన్ను పూర్తిగా దిగి నీళ్లలో ఆనింది. పైన కమాను ఒక్కటే మిగిలింది. దానికి కింద ఏ ఆధారమూ లేదు.

లాయరమ్మ కళ్లు పైకే ఉన్నాయి. అన్ని ఇటుకలూ పడాలనే చూస్తున్నాయి, అన్నీ కలిసి పడాలనుకోవడం వల్లే ఒక్కటీ పడట్లేదు. ఆ రోజు కాలువలోంచి పైకొచ్చి ఆమె భర్త చేతులు తిప్పుతూ చెప్పింది ఇదే. అప్పుడు వినలేదు. ఇప్పుడు చూస్తోంది.

టైర్లాయన అరచెయ్యి ఎత్తి కొత్త ఇటుకకి ఆనించాడు.

"నిలబడింది" అన్నాడు, ఎవరికో రహస్యం చెబుతున్నట్టు.

పైనుంచి ఎవరో కేకేశారు. "టైర్లన్నా! ఎక్కడున్నావ్? బండికి గాలి కొట్టాలి!"

"ఉండవయ్యా!" అని అరిచాడు ఆయన, చెయ్యి తియ్యకుండానే.